మలుపు ముందు చిన్న దగ్గు

తెల్ల దుప్పటికి తాడు కట్టి గడ్డి మీద ఈడ్చుకుంటూ పోయే మనిషిని చూస్తే కొత్తవాళ్లు పాపం ఈయనకేదో అయిందనుకుంటారు. తెలిసినవాళ్లు మాత్రం టేపు గారు డ్యూటీలో ఉన్నారనుకుని తమ దారిన తాము పోతారు. ఆయన కాస్త దూరం నడిచి ఆగి, దుప్పటి తిరగేసి, మోకాళ్ల మీద కూర్చుని దాన్ని వేలెడు వేలెడు మేర వెతుకుతాడు. నువ్వుగింజంత పిడుదు కనిపిస్తే చిన్న పట్టకారుతో తీసి మందు పోసిన సీసాలో వేస్తాడు. మూత బిగించి, తారీఖు రాసిన చీటీ అంటించి, మళ్లీ తాడు భుజాన వేసుకుంటాడు. అడవి అంచున కట్టిన కాలనీలో ఐదారు వానాకాలాలుగా జనాన్ని మంచాన పడేస్తున్న జ్వరం ఈ పిడుదుల నుంచే వస్తోంది. పిడుదుల్ని మోసుకు తిరిగేవి జింకలు. అందుకని పొద్దున్నే పిడుదుల లెక్క, ఆ తర్వాత జింకల లెక్క. అదీ ఆయన ఉద్యోగం.

ఆయన సన్నగా పొడుగ్గా ఉంటాడు. మెడ మరీ పొడుగు. ఆ మెడ మధ్యలో కంఠముడి ఎప్పుడూ ఏదో మింగుతున్నట్టు పైకీ కిందికీ కదులుతుంటుంది. పిడుదులు పైకి పాకకుండా ప్యాంటు కాళ్లను మేజోళ్లలోకి దోపుకుంటాడు. మెడలో ఆయనకా పేరు తెచ్చిన కొలత టేపు పెట్టె, భుజాన సంచీ. సంచీలో పిడికెడేసి ఇసుక పోసి కుట్టిన చిన్న గుడ్డ మూటలు. అవి ఆయన భార్య కుట్టినవి. ఆవిడ ఇళ్లకు కర్టెన్లు కుడుతుంది, మిగిలిన ముక్కలతో మొగుడికి మూటలు కుడుతుంది. అందుకే పరిశోధన కేంద్రం సామగ్రిలో ఒక్క ఆ మూటల మీదే పూలూ, చిలకలూ, చారలూ ఉంటాయి.

జింకల లెక్క అంటే జింకలెన్ని ఉన్నాయని కాదు. అవి మనిషికి ఎంత భయపడుతున్నాయని. భయాన్ని టేపుతో కొలుస్తారా అని నవ్వేవాళ్లున్నారు. కొలుస్తారు. కాలిబాట మీద ఒక్కడే చప్పుడు చేయకుండా నడవాలి. మేస్తున్న జింక కనపడితే తిన్నగా దానివైపే ఒకే తీరుగా అడుగులు వేయాలి. అది తలెత్తి చూసినప్పుడు కాళ్ల దగ్గర ఒక మూట వదలాలి, పారిపోయినప్పుడు ఇంకో మూట. ఆ రెండో మూట నుంచి జింక నిలబడ్డ చోటికి ఎంత దూరమో అదే భయం. దూరం ఎక్కువైతే భయం ఎక్కువ. ఆయన కొలతల్లో ఆ దూరం ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. ఈమధ్య కొన్ని జింకలు పారిపోవడమే మానేశాయి. రెండు బారల దూరంలో ఆయన నిలబడితే, అవి ఆయన్ని ఒకసారి చూసి మళ్లీ గడ్డిలో తల దూరుస్తున్నాయి.

ఆ కొలతలే రేపు ఊళ్లో పెద్దల కమిటీ ముందుకు వెళ్తున్నాయి. జింకలకు మనిషంటే భయం పోయింది, ఇక అవి ఇళ్లలోకి వస్తాయి, వాటితో జ్వరమూ వస్తుంది, కాబట్టి అడవికీ కాలనీకీ మధ్య కంచె వేయాలి. ఇదీ వాదన. వాదన బాగానే ఉంది. అయితే ఏరు కాలనీ అవతల ఉంది. కంచె పడితే ఎండాకాలంలో జింకలకు నీళ్లుండవు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా టేపు గారి గుండె కలుక్కుమంటుంది. అయినా ఒక్క అంగుళం కూడా అటూ ఇటూ రాయలేదు. రీడింగు ఎంతుంటే అంతే రాయాలి, చదివేవాడు జాలిపడితే మీటరు పాడైపోయినట్టే అన్నది ఆయన నమ్మకం.

మీటరు అన్న మాట ఊరికే రాలేదు. ఇక్కడ చేరకముందు ఆయన ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివేవాడు. మీటర్లు తమ రీడింగు తామే ఆఫీసుకు పంపుకోవడం నేర్చుకున్నాక ఆ ఉద్యోగం పోయింది. ఊరికే కూర్చోలేక ఈ కేంద్రానికి వచ్చి, నాకు రీడింగులు తీయడం వచ్చు అన్నాడు. కరెంటుదైతేనేం, జింకదైతేనేం అనుకుని కేంద్రం నడిపే డాక్టరు గారు చేర్చుకున్నారు. ఈ నెలాఖరుకి ఉద్యోగానికి వయసైపోతుంది. డాక్టరు గారే ఇంకో రెండేళ్లు పొడిగించమని పైకి రాస్తే ఆర్డరు కూడా వచ్చేసింది. ఆ కాగితం చూసిన రోజు ఆయన ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాడు.

దుప్పటి మడతపెడుతుండగా స్కూటరు చప్పుడైంది. డాక్టరు గారు దిగారు. పశువుల డాక్టరు. నలభై దాటిన ఆవిడ, చకచకా నడుస్తారు. నడుస్తున్నప్పుడు కూడా ఆలోచిస్తున్నట్టు కనుబొమలు ముడేసుకునే ఉంటాయి. మెడలో కెమెరా ఉంది.

"రేపటికి ఒక ఫొటో కావాలండీ టేపు గారూ. మనిషి ఇంత దగ్గరగా ఉన్నా కదలని జింకది. అంకెలు చూపిస్తే కమిటీవాళ్లు ఆవలిస్తారు. బొమ్మ చూపిస్తే లేచి కూర్చుంటారు."

"ఇద్దరం వెళ్తే లెక్క చెడిపోదా అమ్మా?"

"ఇవాళ లెక్కలోకి రాదు. మీరు ఈ చెట్టు దగ్గరే ఉండండి. నేను ముందు వెళ్తాను."

ఆవిడ మొదటి మలుపు తిరిగారో లేదో పొదల్లో పెద్ద చప్పుడు. తెల్ల తోకలు పైకెత్తుకుని గుంపు గుంపంతా వాలు దిగి మాయమైంది. ఆవిడ వెనక్కి వచ్చి, కెమెరా మూత వేసి, కాసేపాగి మళ్లీ వెళ్లారు. రెండో గుంపు ఇంకా ముందే పారిపోయింది. ఆవిడ అడుగులు మెత్తగానే వేశారు, చప్పుడు కూడా చేయలేదు. అది టేపు గారు కళ్లారా చూశాడు. అలవాటు కొద్దీ వెళ్లి ఆ దూరాన్ని టేపుతో కొలిచి కూడా వచ్చాడు.

"నా మొహం వాటికి నచ్చలేదేమో," అన్నారావిడ, నవ్వబోతూ.

"కెమెరా తళుక్కుమంటుంది కదమ్మా. నేను ముందు నడుస్తాను, మీరు నా వెనక దూరంగా రండి."

మూడో మలుపు దగ్గర బండరాయి ఉంది. దాని అవతల చిన్న గడ్డి మైదానం. అక్కడ మేసే గుంపుకి ఒక ముసలి ఆడజింక పెద్ద. ఎడమ చెవి కొసన చిరుగు. దాన్ని టేపు గారు మనసులో పెద్దమ్మ అని పిలుచుకుంటాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఇంటికి వెళ్తే ఆయన పెద్దమ్మ కూడా అలాగే తలెత్తి, వచ్చావా అన్నట్టు చూసి, మళ్లీ తన పనిలో పడిపోయేది. కాగితాల మీద మాత్రం దాని పేరు పెద్ద ఆడది, ఎడమ చెవి గాయం అనే ఉంటుంది. ఉద్యోగం ఉద్యోగమే.

ఆయన బండరాయి పక్కనుంచి మలుపు తిరిగాడు. పెద్దమ్మ తలెత్తింది. చూసింది. దాని పక్కనున్న పిల్ల కూడా చూసింది. తర్వాత రెండూ తల దించుకుని మేయసాగాయి. ఆయన అడుగులో అడుగేసుకుంటూ వెళ్లి, రెండు బారల దూరంలో ఆగి, గర్వంగా వెనక్కి చూశాడు. డాక్టరు గారు ఫొటో తీస్తుంటారనుకున్నాడు. ఆవిడ కెమెరా కిందికి దించి ఆయన్నే చూస్తున్నారు.

గుంపుకి దూరంగా వచ్చాక ఆవిడ మెల్లగా అన్నారు. "మీరు దగ్గారు."

"ఎవరూ? నేనా? లేదే."

"బండ దగ్గర దగ్గారు. అంతకుముందు మలుపు దగ్గర కూడా."

"పొరపాటు పడ్డారమ్మా. చప్పుడు చేయకూడదని రూలుంది కదా. నేనెందుకు దగ్గుతాను?"

"సరే. తిరిగి వెళ్దాం. ఏమీ ఆలోచించకుండా ఎప్పటిలాగే నడవండి."

ఆయన నడిచాడు. ఈసారి చెవులు రిక్కించుకుని నడిచాడు కాబట్టి కాపు కాసినవాడికి దొరికిన దొంగలా తన గొంతే తనకు దొరికిపోయింది. మలుపు నాలుగడుగుల దూరంలో ఉండగా కంఠముడి దానంతటదే పైకి లేచింది. 'అహ్హుం' అని చిన్న చప్పుడైంది. దగ్గు కూడా కాదది. గొంతు సవరించుకోవడం. గురకపెట్టేవాడికి గురక వినపడనట్టు, ఇన్నేళ్లూ అది ఆయనకు వినపడలేదు. నియమం ప్రకారం ఒక్కడే నడిచాడు కాబట్టి ఇంకొకళ్లకు వినపడే అవకాశమే లేదు.

అది ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఆయనకు వెంటనే తెలిసిపోయింది. మీటర్లు ఎప్పుడూ ఇంటి వెనకే ఉంటాయి. ఇంటి వెనక మనుషులు రకరకాలుగా ఉంటారు. ఒకావిడ తల ఆరబెట్టుకుంటుంటుంది, మొగుడూ పెళ్లాలు గొంతు తగ్గించి పోట్లాడుకుంటుంటారు, వీధికి వినపడకూడని ఏడుపేదో ఎవరో పెరట్లో కూర్చుని ఏడుస్తుంటారు. ధడాలున మీద పడకూడదు. అందుకని గోడ మలుపు తిరిగేముందు గొంతు సవరించుకోవడం అలవాటైంది. ఎవరో వస్తున్నారు, భయపడాల్సిన పనిలేదు, మీటరు చూసుకుని పోతాడు అని చెప్పడమన్నమాట. భార్యను మొదటిసారి చూసింది కూడా ఒక పెరట్లోనే. ఆ దగ్గు విని ఆవిడ కొంగలా ఒంటికాలి మీద నిలబడి రెండో కాలికి చెప్పు వెతుక్కుంటూ, "రండి, మీటరు ఇటుంది," అంది. మన పెళ్లికి పెద్ద మీ దగ్గేనండీ అని ఆవిడ ఇప్పటికీ ఏడిపిస్తుంది.

కేంద్రం అంటే మూడు గదులు, ఒక వరండా. మధ్య గదిలో గ్రాఫులమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. టేపు గారు తెచ్చే అంకెల్ని గీతలుగా మార్చడం ఆమె పని. పని మొదలుపెట్టినప్పటినుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. తెర మీద ఎర్ర గీత ఎడమ నుంచి కుడికి మెట్లు దిగుతున్నట్టు దిగుతోంది. దాని నెత్తిన పెద్దక్షరాలతో 'మనిషంటే జింకలకు తగ్గుతున్న భయం' అని ఉంది.

డాక్టరు గారు జరిగింది చెప్పారు. గ్రాఫులమ్మాయి ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది.

"అంటే మనం ఇన్నాళ్లూ కొలిచింది జింకల భయాన్ని కాదా మేడమ్? బాబాయ్ దగ్గునా?"

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఇక్కడ ఎలుక కూడా చేతికి రాలేదు. టేపు గారికి చెవులు వేడెక్కాయి. నిజానికి ఆ క్షణంలో ఆయన మనసులో రెండు విషయాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. జింకలు ఈ ప్రపంచంలో ఒక్క తనని మాత్రమే నమ్ముతున్నాయన్న సంతోషం ఒకటి. ఆ సంతోషం వల్లే ఇన్నేళ్ల పని పాడైందన్న బాధ ఇంకోటి. పిల్లలు లేని మనిషి. ఆ సంతోషాన్ని అంత తేలిగ్గా వదులుకోలేకపోయాడు.

"నేను ఒక్క అంగుళం తప్పు రాయలేదమ్మా," అన్నాడు చివరికి.

"మీ టేపుది తప్పు కాదండీ," అన్నారు డాక్టరు గారు. "నాది. మనిషి మారితే కొలత మారుతుందని భయపడి, ఎప్పుడూ మీరే నడవాలని పట్టుబట్టింది నేను. ఒకే మనిషైతే నమ్మకంగా ఉంటుందనుకున్నాను. ఆ నమ్మకం జింకలకు కూడా కుదురుతుందని నాకు తట్టలేదు."

"మరి రేపు?" అంది గ్రాఫులమ్మాయి. "ఫైలు పంపేయమన్నారు కదా. మనం ఏమీ అనకపోతే ఎవరికీ తెలీదు."

ఆ మాట అని ఆమే నాలుక్కరుచుకుంది. డాక్టరు గారు కోప్పడలేదు. కిటికీలోంచి అడవివైపు చూస్తూ నిలబడ్డారు. రేపటి కమిటీ కోసం ఆవిడ రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. కాళ్లరిగేలా తిరిగారని టేపు గారికి తెలుసు. ఇప్పుడు ఆ కమిటీ ముందు నిలబడి మా లెక్క మాకే అనుమానంగా ఉంది అనడం అంత సులువేం కాదు.

"నాకు తెలుసు కదమ్మా," అన్నారావిడ, గ్రాఫులమ్మాయితో. అంతే.

టేపు గారు లేచి నిలబడ్డాడు. ఒకసారి నిర్ణయం అయ్యాక ఆయనకు తడబాటు ఉండదు.

"సాయంత్రం మళ్లీ మేతకు వస్తాయి. నేను నడుస్తాను. దగ్గకుండా."

"ఇవే బట్టలు, ఇవే బూట్లు," అన్నారు డాక్టరు గారు. "ఒక్క దగ్గు తప్ప ఇంకేదీ మారకూడదు."

మధ్యాహ్నమంతా ఆయన వరండాలో కూర్చుని పిడుదుల సీసాలకు చీటీలు అంటించాడు. ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలో అన్నం సగం తిని మూత పెట్టేశాడు. గ్రాఫులమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, పిప్పరమెంటు బిళ్లల పొట్లం చేతిలో పెట్టింది.

"గొంతులో గరగర రాకుండా ఉంటుంది బాబాయ్."

"వచ్చేది గొంతులోంచైతే ఆగును," అన్నాడాయన. ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. ఒక బిళ్ల బుగ్గన పెట్టుకున్నాడు.

ఎండ పచ్చబడ్డాక బయల్దేరాడు. డాక్టరు గారు గేటు దగ్గరే ఉండిపోయారు. మొదటి మలుపు ముందు కంఠముడి లేచింది. ఆయన నోరు గట్టిగా మూసి దాన్ని మింగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో మలుపు ముందు ఆగి, ఊపిరి బిగబట్టి, దాటాక వదిలాడు. జీవితంలో ఎన్ని వేల గోడల మలుపులు తిరిగాడో ఆయనకే తెలియదు. ఒక్కచోట కూడా చెప్పాపెట్టకుండా లోపలికి వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లడం ఎంగిలి చేతిని చొక్కాకి తుడుచుకున్నట్టు ఏదో మర్యాద తప్పిన పనిలా ఉంది.

బండరాయి పక్కనుంచి మూడో మలుపు తిరిగాడు.

పెద్దమ్మ గడ్డి మైదానం అంచున, పొద్దుటికంటే దూరంగానే ఉంది. తలెత్తింది. ఆయన ఒక మూట వదిలి అడుగు ముందుకేశాడు. పెద్దమ్మ చిరుగు చెవి నిలువుగా లేచింది. ముందుకాలితో నేలను ఒకసారి కొట్టింది. ఆ చప్పుడు ఆయన ఇంతవరకు దాని దగ్గర వినలేదు. ఇంకొక్క అడుగు. అంతే, పిల్లను ముందు తోసుకుంటూ గాలిలోకి లేచింది. గుంపంతా దాని వెనకే. తెల్ల తోకలు చెట్ల మధ్య కాసేపు మెరిసి ఆగిపోయాయి. దుమ్ము మెల్లగా గడ్డి మీదికి దిగింది.

ఇది నేనే అని అరవాలనిపించిందాయనకు. అరవలేదు. సొంత మనిషి వీధిలో ఎదురుపడి గుర్తుపట్టకుండా వెళ్లిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. కానీ చేతులకు ఆ బాధతో పనిలేదు. అవి సంచీలోంచి రెండో మూట తీసి కాళ్ల దగ్గర వదిలాయి. టేపు కొస దాని కింద నొక్కిపెట్టాయి. ఆయన టేపు లాక్కుంటూ పెద్దమ్మ నిలబడ్డ చోటికి నడిచి, గిట్టల గుర్తుల దగ్గర వంగి అంకె చూశాడు. పొద్దున డాక్టరు గారి ముందు పారిపోయినంత దూరమే. మీట నొక్కితే టేపు సర్రున వచ్చి పెట్టెలోకి చుట్టుకుంది. దగ్గరి దారిన గేటువైపు నడిచాడు.

డాక్టరు గారికి అంకె చెప్పాడు. ఆవిడ ఒక క్షణం కళ్లు మూసుకున్నారు.

"తేలిపోయినట్టేనా అమ్మా? అన్నం ఉడికిందా లేదా అని చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు కదా."

"అన్నానికి చాలు టేపు గారూ. అడవికి చాలదు. రేపు కమిటీకి ఉన్నదున్నట్టు చెప్తాను. ఇప్పుడే కంచె వేయొద్దంటాను. ఏడాది పాటు వేరువేరు మనుషుల చేత నడిపించి కొలవాలి. రోజుకో కొత్త మనిషి. అప్పుడు గానీ తెలియదు."

"కంచె ఆగుతుందా?"

"ఆగుతుంది. తిట్లు తింటాను గానీ ఆగుతుంది."

ఆయనకు కొంచెం ఊపిరి ఆడింది. ఈ ఎండాకాలం పెద్దమ్మ ఏటికి వెళ్తుంది. పిల్లకు దారి చూపిస్తుంది. కాసేపు గేటు ఇనుప చువ్వను బొటనవేలితో రుద్దుతూ నిలబడి, తర్వాత అడిగాడు.

"ఆ కొత్తవాళ్లు నడిచే ఏడాదీ నేను ఆ దారిలో కనపడకూడదు కదా?"

"మీ వాసన కూడా వాటికి తెలిసి ఉండొచ్చు," అన్నారు డాక్టరు గారు, నేల చూస్తూ. "లోపల పని ఉంది కదండీ. పిడుదుల్ని భూతద్దం కింద పెట్టి వేరుచేయాలి. రెండేళ్ల ఆర్డరు మీదే. మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు."

"ఆ కిటికీలోంచి అడవి కనపడుతుందమ్మా," అన్నాడాయన. "కూర్చోలేను. ఏదో ఒక రోజు లేచి వచ్చేస్తాను. ఆ ఆర్డరు వెనక్కి పంపేయండి. నెలాఖరుదాకా నాకున్న సెలవులు వాడుకుంటాను."

"టేపు గారూ, అంత తొందరెందుకు..."

"మీటరు చదవడానికి వచ్చినవాడు చదివాక కూడా పెరట్లోనే నిలబడితే ఎవరూరుకుంటారు చెప్పండి?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆవిడ నవ్వలేకపోయారు. చేతులు రెండూ జోడించబోయి, ఎందుకో ఆపేసి, ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

మధ్య గదిలోకి వెళ్లి మెడలోంచి టేపు తీసి గ్రాఫులమ్మాయి బల్ల మీద పెట్టాడు. తెర మీద ఎర్ర గీత అలాగే ఉంది. డాక్టరు గారు గేటు దగ్గరనుంచే ఫోను చేసి చెప్పినట్టున్నారు, నెత్తి మీద అక్షరాలు మారాయి. 'తమకు తెలిసిన ఒక మనిషంటే జింకలకు తగ్గిన భయం' అని ఉంది. డాక్టరు గారి నడకకు ఒకటి, ఆయన సాయంత్రం నడకకు ఒకటి, రెండు నల్ల చుక్కలు గీతకు చాలా పైన ఒంటరిగా నిలబడి ఉన్నాయి.

"సరిపోయిందా బాబాయ్?"

"ఆ మనిషి మలుపు ముందు దగ్గుతాడని కూడా రాయమ్మా. లేకపోతే చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?"

ఆమె తల వంచుకుని రాసింది. రాస్తూ ముక్కు ఎగబీల్చింది. ఆయన చూడనట్టే వరండా మెట్లు దిగాడు.

గేటు దాటాక రోడ్డు అడవిని ఆనుకుని కొంత దూరం పోతుంది. బండరాయి వెనక భాగం అక్కడినుంచి కనిపిస్తుంది. ఆయన అక్కడ ఆగాడు. గుంపు ఇప్పటికి మళ్లీ చేరి ఉంటుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు. ఇందాక వచ్చింది నేనే, భయపడకండి అని చెప్పినట్టవుతుంది. కంఠముడి పైదాకా వచ్చింది. ఇకనుంచి కొత్తవాళ్లు నడుస్తారు. వాళ్లను చూసి అవి భయపడాలి. మనుషులందరూ ఇలాగే ఉంటారని వాటికి అబద్ధం చెప్పకూడదు. మింగలేక కక్కలేక కాసేపు నిలబడి, చివరికి మింగేశాడు. మళ్లీ వెనక్కి చూడకుండా నడిచాడు.

ఇంటికి చేరేసరికి వెలుతురు ఇంకా ఉంది. భార్య వెనక వరండాలో కుట్టు మిషను ముందు కూర్చుని, నీలం కర్టెను అంచు మడుస్తోంది. ఆయన గోడ మలుపు తిరిగి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఉలిక్కిపడి లేచింది. కత్తెర కింద పడింది.

"అమ్మో, ఎవరూ... మీరా? దొంగలా వచ్చారేంటండీ, దగ్గూ లేదు గిగ్గూ లేదు. ఒంట్లో బాగానే ఉందా?"

ఆవిడ కళ్లలో ఇంకా తగ్గని ఆ బెదురు చూసి ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. సాయంత్రం నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి కంట్లోకి వచ్చింది. కాసేపటికి జరిగిందంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆవిడ లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. పక్కనే కూర్చుని, రోజూ చేసినట్టే సంచీ ఒళ్లో బోర్లించుకుని, కుట్లు ఊడిన మూటలేమైనా ఉన్నాయేమోనని ఒక్కోటీ వేలితో నొక్కి చూసింది.

"మంచి పని చేశారు," అంది. తర్వాత, "ఆ గుడ్డ పీలికల డబ్బాలో రెండు గిజిగాడు బొమ్మల ముక్కలు కొత్తవి దాచాను మీ మూటలకని. దిండు గలీబులు కుట్టేస్తాలెండి," అంది.

ఆయన తలూపాడు.

"నాకు మాత్రం ఆ కొత్త రూలు పెట్టకండి. మలుపు దగ్గర దగ్గితే గానీ ఈ ఇంట్లోకి రావద్దు. గుండె ఆగిపోయింది ఇందాక."

ఆయన లేచి, బూట్లు విప్పి, గోడ మలుపు అవతలికి వెళ్లాడు. ఆవిడ నవ్వాపుకుంటూ కర్టెను మీదికి తల దించింది. అవతలినుంచి 'అహ్హుం' అని వినపడింది.

"రండి, మీటరు ఇటుంది," అంది ఆవిడ. తర్వాత మూటలవైపు చూసి, "రెండు తగ్గాయండోయ్. పసుపు పూలది లేదు, చారలది లేదు. ఎక్కడ వదిలేశారు?" అంది.

ఇన్నేళ్లలో ఆయన ఒక్క మూట కూడా అడవిలో వదిలి రాలేదు. తెచ్చుకోవడానికి ఇక వెళ్లకూడదు.

మూడో మలుపు అవతల, చారల మూటకు రెండడుగుల ముందు, పసుపు పూల కర్టెను గుడ్డ మూట టేపు కొస నొక్కిన గుంటతో గడ్డిలో అలాగే కూర్చుని ఉంది.